నగరసభ తీర్మానములు – మన వంటయిల్లు

పట్టణమున కాపురముండు గృహిణికి నగరపాలక సంస్థతో పని లేని దినము లేదు. తెల్లవాఱుజామున కొళాయిలో పడు నీరు దానిది. వాకిట నిలిచి చెత్తను గొనిపోవు బండి దానిది. గిన్నెలు తోమిన నీరు పాఱు మురుగుకాలువ దానిది. బిడ్డ పుట్టిన 21 దినములలో ఆ జననమును నమోదు చేయించుటకును, ఇంట పెద్దలు గతించినప్పుడు ఆ మరణమును వ్రాయించుటకును పోవలసినది దాని కార్యాలయమునకే. సంసారముతో నింతగా నల్లుకొన్న యీ సంస్థ తన నిర్ణయములను ఎక్కడ, ఎప్పుడు, ఏరీతిని చేయునో మాత్రము మనలో పెక్కుమంది విచారింపరు. కొళాయి యెండినప్పుడు విసుగుకొందుము, పన్ను చీటి వచ్చినప్పుడు గొణుగుకొందుము, అంతటితో సరి. కొళాయికడ మనము పెట్టు మొఱ సభలో తీర్మానము ముగిసిన పిమ్మట బయలుదేఱిన మొఱ యని మనకు తోపదు. కావున నగరసభ సామాన్యముగా నడపు కార్యములనుగూర్చియు, అందు మన పాలు ఎంత యను దానినిగూర్చియు సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

ఇవి మగవారి వ్యవహారములు, మన కెందు కని కొంద రనవచ్చును. మన పూర్వులు మాత్రము పురపాలనములోని చిన్న సంగతులను చిన్నవిగా నెంచలేదు. మహాభారతమున సభాపర్వమందు నారదమహర్షి ధర్మరాజు కొలువునకు వచ్చి వరుసగా ప్రశ్నలు వేయును. ఆ ప్రశ్నలలో శత్రురాజుల మాట యెంత గలదో, చెఱువులు నిండియున్నవా, వ్యయము ఆదాయమునకు లోబడి జరుగుచున్నదా యను మాటయు నంత గలదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నగరాధికారి ధర్మములు చెప్పుచోట, వీథిలో మన్ను పోసినవారికి పణములో 8వ వంతును, బురదనీరు నిలువజేసినవారికి 4వ వంతును దండుగ విధింపబడినది. అగ్నిభయమునకై ప్రతి యింటను నీటికుండలు, నిచ్చెన, గొడ్డలి మొదలగునవి సిద్ధముగ నుండవలె నని యున్నది. కుండలు నిండియుంచు పని యే యింటనైనను ఇల్లాలిదే గదా! పురపాలనము వంటయింటి గడప దాటి యవతలనే నిలిచిన కాలము ఎన్నడును లేదు.

సభ యెట్లు రూపొందినది

మన దేశమున నేటి పద్ధతి పురపాలక సంస్థలలో మొదటిది చెన్నపట్టణముది. ఇంగ్లండు రాజు రెండవ జేమ్సు 1687 డిసెంబరులో సనదు నొసగగా, 1688 సెప్టెంబరులో అది పని ప్రారంభించెను. తెలుగుదేశమున భీమునిపట్టణము 1861లోనే మునిసిపాలిటీ యయ్యెను. 1882లో రిప్పను ప్రభువు చేసిన తీర్మానముచే, జనులెన్నుకొన్న సభ్యులకు ఈ సంఘములలో చోటు పెరిగెను. స్వతంత్ర భారతమున 1992లో చేయబడి 1993 జూన్ 1 నుండి అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము వీనికి రాజ్యాంగమునందే స్థానము కల్పించెను. సభకు ఆయువు 5 సంవత్సరము లనియు, గడువు తీరకముందే ఎన్నికలు జరుగవలె ననియు అందు గలదు. ఈ సంఘముల కప్పగింపదగిన 18 విషయముల పట్టికలో గృహావసరములకు నీరు, పారిశుద్ధ్యము, రోడ్లు, వీథిదీపములు, జనన మరణముల లెక్క, శ్మశానములు, ఉద్యానములు, ఆటస్థలములు మొదలైన వున్నవి. చదివి చూచిన యెడల అది పెద్ద సంసారమును నడపు ఇల్లాలి పనులపట్టికవలె తోచును.

ఆ సవరణమే స్త్రీలకు మూడవ వంతునకు తక్కువ కాకుండ స్థానము లుంచవలె నని శాసించెను. ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను ఆ పాలు సగమునకు పెరిగినది. అంతకు పూర్వము రిజర్వేషను లేని దినములలోనే చెన్నపట్టణమునకు తారా చెరియన్ గారును, 1962లో హైదరాబాదునకు రాణీ కుముదినీదేవి గారును మేయర్లైరి. నాడు ఒకరిద్దఱికి మాత్రమే దొరకిన పీఠము నేడు వందలకొలది సామాన్య గృహిణులకు అందుబాటులోనికి వచ్చినది.

ఒక నగరమును చూతము

దృష్టాంతమునకు విశాఖపట్టణమును గైకొందము. అది 1979లో కార్పొరేష నయ్యెను. 2005లో గాజువాక మునిసిపాలిటీయు, చుట్టుపట్ల గ్రామములును చేరి మహా విశాఖ నగరపాలక సంస్థ యేర్పడెను. 2013లో అనకాపల్లియు, పైన చెప్పిన భీమునిపట్టణమును అందు కలిసెను. 2021 మార్చిలో జరిగిన ఎన్నికలలో నగరమంతయు 98 వార్డులుగా విభజింపబడి, వార్డున కొక్కరు చొప్పున సభ్యులు ఎన్నుకొనబడిరి. వీరినే కార్పొరేటర్లందురు. వీరును, ఓటుహక్కుగల శాసనసభ్యాదులును గూడి మేయరు నెన్నుకొందురు. కమీషనరు అట్లుగాక ప్రభుత్వము నియమించిన యుద్యోగి. సభ నిర్ణయించును; కమీషనరు అమలు జరుపును. సభ్యులలోనుండి ఎన్నుకొనబడిన 10 మందితో స్థాయీసంఘ మొకటి యుండి, సభకు రానక్కఱలేని మధ్యరకపు ఖర్చులను పరిశీలించి మంజూరు చేయును.

విశాఖకు నీరు దూరమునుండి రావలసినదే. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ జలాశయములును, సుమారు 150 కిలోమీటర్ల పొడవుగల ఏలేరు కాలువయు ఆ నగరమున కాధారములు. హైదరాబాదున 1989 నుండి మంచినీటికి, మురుగునీటికి ప్రత్యేకమైన బోర్డు కలదు. విశాఖలో ఆ భారమును నగరపాలక సంస్థయే వహించుచున్నది. కావున అచ్చటి గొట్టము పగిలిన సంగతి మొదలు జలాశయమునుండి నీరు తోడు యంత్రపు మరమ్మతు వఱకు సభ యెదుటికి రావచ్చును. ఏ యూరిలో ఏ పని యెవరిదో ముందు తెలిసికొనుట మంచిది. విద్యుచ్ఛక్తి పోయెనని కార్పొరేటరును నిందించిన ప్రయోజనము లేదు; అది వేఱు సంస్థ పని. వీథిదీపము వెలుగనియెడల మాత్రము ఆమెనే యడుగవలెను.

అజెండా యను కాగితము

సభ జరుగుటకు ముందుగా సభ్యుల కందఱకు అజెండా పంపబడును. సభలో విచారింపదగిన అంశములు అందు వరుససంఖ్యలతో నుండును. వానిని చదివినవారికి ఉత్సాహము కలుగుట అరుదు. ఫలానా వార్డులో మురుగుకాలువ నిర్మాణమున కైన ఎస్టిమేటును ఆమోదించుట. ఫలానా మార్కెట్టులోని దుకాణముల అద్దె గడువు పొడిగించుట. పారిశుద్ధ్య పనివారిని మఱికొంతకాలము కొనసాగించుట. కల్యాణమండపపు అద్దె నిర్ణయించుట. ఒక పార్కునకు పేరు పెట్టుట. మేయరు ముందుగా ఇచ్చిన యనుమతిని సభ స్థిరపఱచుట. ఇట్టివే పదుల కొలది. పత్రికలు సభలోని కేకలను, బైఠాయింపులను పెద్ద యక్షరములతో ప్రకటించును. ఈ అంశములను విడిచిపెట్టును. కాని మన వీథి బాగోగులు నిలిచియుండునది ఆ కేకలలో గాదు, ఈ అంశములలోనే.

ఒక మురుగుకాలువ ప్రయాణమును గమనింతము. వార్డులోనివారు అర్జీ పెట్టుదురు, లేదా సభ్యురాలు స్వయముగా వ్రాసి యిచ్చును. ఇంజనీరు వచ్చి కొలతలు తీసి ఎస్టిమేటు వేయును. బడ్జెటులో డబ్బున్నదో లేదో లెక్కల విభాగమువారు చూతురు. ఖర్చును బట్టి అది కమీషనరుతో నాగవచ్చును, స్థాయీసంఘమునకు పోవచ్చును, సభకు రావచ్చును, మఱియు పెద్దదైనచో ప్రభుత్వమునకు పోవచ్చును. మంజూరైన పిమ్మట టెండరు పిలుతురు. కంట్రాక్టరు పని ముగించిన వెనుక కొలతలు పుస్తకమున కెక్కించి బిల్లు చెల్లింతురు. ఇందు సామాన్యురాలు మాట చెప్పుటకు అనువైన తావులు రెండే: ఒకటి, ఇంజనీరు కొలతలు తీయు దినము; రెండు, బిల్లు చెల్లింపకముందు. కాలువ ఏ వైపునకు వాలు పెట్టవలెనో, వానకాలమున నీరు ఏ గుమ్మము తొక్కునో ఆ వీథి ఇల్లాలికి తెలిసినట్లు కార్యాలయమున నెవ్వరికి తెలియును? సిమెంటు ఎండినపిదప ఆ జ్ఞానము కంటినీటికే పనికివచ్చును.

ఇక టేబుల్ అజెండా యను మాట ఒకటి కలదు. ముందుగా పంపిన పట్టికలో లేక, సభ జరుగుచుండగా బల్లపై నుంచబడు అంశములను అట్లు పిలుతురు. వఱదవలె ఆగని యవసరములకు అది కావలసినదే. కాని సభ్యులు చదువుటకు వ్యవధి లేక, చేతులెత్తుటకు మాత్రమే వ్యవధి యున్నచో అది సంసారమునకు కీడు. ఇంటికి వచ్చిన దుకాణపు చీటిని చదువక సంతకము పెట్టు ఇల్లాలిని మనము మెచ్చుకొందుమా? మన సభ్యురాలు టేబుల్ అజెండాను గూర్చి ప్రశ్నించినదని తెలిసినప్పుడు ఆమెను కలహప్రియ యనక, లెక్క యెఱిగినది యని మెచ్చుకొనవలెను.

పన్ను, బడ్జెటు

ఏప్రిల్ 1న మొదలగు ఆర్థిక సంవత్సరమునకు బడ్జెటు ముందుగానే సిద్ధము కావలెను. రాబడిలో ఇంటిపన్ను ముఖ్యమైనది. ఆంధ్రప్రదేశమున పూర్వము ఇల్లు అద్దెకిచ్చిన నెంత వచ్చునను లెక్కపై ఆ పన్ను వేయుచుండిరి. 2021 నుండి ఆస్తి విలువనుబట్టి వేయు పద్ధతి వచ్చినది. నివాసగృహములకు ఆ విలువపై నూటికి 0.10 మొదలు 0.50 వఱకుగల హద్దులలో రేటు నిర్ణయించు పని స్థానిక సంస్థకు విడువబడినది. ఏటేట పెరుగుదల నూటికి 15కు మించరాదనియు నియమింపబడినది. 0.10కిని 0.50కిని నడుమ ఐదు రెట్ల యంతరమున్నది. ఆ యంతరములో ఎక్కడ నిలువవలెనో తేల్చునది ఒక తీర్మానము. ఆ తీర్మానము నాడు మనము మౌనముగా నుండి, చీటి వచ్చిన నాడు గొణుగుట వ్యర్థము.

చెత్త సంగతియు నట్టిదే. 2021లో ఆంధ్రప్రదేశ పట్టణములలో చెత్త సేకరణకు ఇంటింటను నెలకింత యని రుసుము వసూలుచేయ మొదలిడిరి. జనులు దానిని చెత్తపన్ను అనిరి. సభలలో వాదములు జరిగెను, వీథులలో స్త్రీలు ప్రశ్నించిరి. 2024లో ప్రభుత్వము దానిని రద్దు చేసెను. రుసుము వేసినది మంచిదా, తీసినది మంచిదా యను చర్చ మన కిచట వలదు. రుసుము పోయినను బండి నడుపు ఖర్చు పోదు. అది బడ్జెటులో మఱియొక పద్దునుండి రావలెను. ఏ పద్దు తగ్గినదో యడిగి తెలిసికొనుటయే బుద్ధిమంతురాలి లక్షణము.

పన్ను మాట స్త్రీల చెవి సోకనిది కాదని మన చరిత్రయే చెప్పుచున్నది. 1919లో చీరాల, పేరాల గ్రామములను మునిసిపాలిటీగా మార్చగా పన్నులు పలురెట్లు పెరిగెను. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వమున 1921లో వేలకొలది జనులు తమ యిండ్లు విడిచి, పొలిమేర వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని, సుమారు 11 నెలలు కాపురముండిరి. పన్ను చెల్లింపనని చెఱసాలకేగినవారిలో రావూరి అలమేలుమంగమ్మ గారను స్త్రీయు గలదు. ఆ పాకలలో వండి వడ్డించి, ఎండకు వానకు బిడ్డలను కాపాడినవారు గృహిణులు. నాడు తమ మాట చెల్లని సభను వారు ఊరు విడిచి నిరాకరించిరి. నేడు సభలో సగము మనదే కాగా, ఊరు విడువ నక్కఱలేదు. తలుపు తట్టిన చాలును.

సభ లేని కాలము

సభ యున్నందువలన నేమి లాభమని సందేహించువారు, సభ లేని కాలమును తలచుకొనవలెను. విశాఖలో 2007లో ఎన్నికైన సభ గడువు 2012లో తీరినది. ఎల్లల మార్పులు, వివాదములు మొదలగు కారణములచే ఎన్నికలు జరుగక, 2021 వఱకు అనగా తొమ్మిదేండ్లు ప్రత్యేకాధికారుల పాలనయే సాగెను. గుంటూరున 2010 నుండి 2021 వఱకు అదే స్థితి. ఈ నడుమనే 2014 అక్టోబరు 12న హుద్ హుద్ తుపాను విశాఖను తాకినది. చెట్లు కూలి, దీపములారి, నీరు రాక నగరమంతయు తల్లడిల్లినది. ఉద్యోగులు పాటుపడలేదని మేము చెప్పము. కాని మా వీథికి నీళ్లబండి యెప్పుడు వచ్చునని యడుగుటకు, ఆ వీథివారి ఓటుతో కూర్చున్న మనిషి యొక్కరైనను నగరసభలో లేకుండిరి, సభయే లేదు. అప్పుడు పదేండ్ల వయస్సున్న బాలిక, నగరమునకు సభ వచ్చునాటికి పదునాఱేండ్లు దాటిన కన్యయయ్యెను. గడువునకు ఎన్నికలు జరుగవలె నని కోరుట రాజకీయము గాదు, అది గృహధర్మమే.

ఎన్నుకొన్నది ఎవరిని?

సభ యుండియు లేనట్లగు మార్గము మఱియొకటి కలదు. స్థానము స్త్రీది, సంతకము స్త్రీది. మాట మాత్రము భర్తదో, కుమారునిదో యగుట. మేము కాపురముండిన యొక పట్టణమున మా వీథికి రాత్రి మూడు గంటలకు నీరు విడుచుచుండిరి. బిడ్డతల్లులకు నిదురలేదు. కొందఱము కూడి మా వార్డు సభ్యురాలి యింటికి పోతిమి. ఆమె భర్త యెదురువచ్చి, "ఆమెకు ఇవన్నీ తెలియవమ్మా, నాతో చెప్పండి" అనెను. మాలో పెద్దావిడ యొకరు, "తెలియకపోతే తెలుసుకుంటుంది నాయనా. ఓటు ఆమెకే వేశాము, మాట కూడా ఆమెతోనే" అని అరుగుపై కూర్చుండెను. ఆమె లోపలినుండి వచ్చి విని, మాతో కూడ నీళ్లట్యాంకు కడకు వచ్చి, వాల్వు త్రిప్పు పనివానిని వివరమడిగెను. ట్యాంకు ఒక్కటి, వీథులు ఆఱు, మాది చివరిది, వంతు మార్పు ఎన్నడును జరుగలేదు. ఆమె తరువాతి సభలో లేచి, కాగితమును చూచి చదువుచు, వంతులు నెలనెలకు మార్చవలె నని యడిగెను. అట్లే మార్చిరి. ఖర్చు కాని కూడ లేదు. మూడు గంటల వంతు నేటికిని అందఱికి నొక నెల వచ్చును. ఒకరికే యెల్లకాలము రాదు. అటుపిమ్మట ఆమె ఏ సభలోను మౌనముగా కూర్చుండలేదు.

సభ్యురాలికి ధైర్యము చెప్పునది సభలోని పార్టీ గాదు, వెనుక నిలిచిన వీథి. ఆమెను తప్పించి ఆమె భర్తతో మాటలాడినంతకాలము, మనకు వచ్చిన సగము పాలును మనమే తిరిగి యిచ్చివేయుచున్న వారమగుదుము.

మనము చేయదగినవి

పెద్ద పనులు చెప్పము. మీ వార్డు సంఖ్య యెంతయో, సభ్యులెవరో తెలిసికొనుడు. సభ జరుగనున్న దినమును విచారించి, అజెండాలో మీ వార్డు పేరున్నదా యని యడుగుడు. అర్జీ వ్రాయునప్పుడు కోపమును తగ్గించి, వివరమును పెంచుడు: ఏ వీథి, ఏ యింటి మొదలు ఏ యింటి వఱకు, ఎన్ని దినములుగా, ఏమి కావలెను. ఒక అర్జీలో ఒక్క సంగతియే యుండవలెను. పది సంగతులున్న కాగితము పది బల్లలపై తిరిగి యెక్కడనో నిలిచిపోవును. అందినట్లు రసీదు తీసికొనుడు. జవాబు రానియెడల 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అడిగినచో 30 దినములలో బదులీయవలసి యుండును. ఇంటిపన్ను రసీదులు, అర్జీల నకళ్లు ఒక సంచిలో భద్రపఱచుడు. బియ్యపు లెక్క, పాలలెక్క వ్రాయు చేతికి ఇది భారము గాదు.

ఆడుబిడ్డలకు సంగీతము, కుట్టుపని నేర్పుచున్నాము, చదువులు చెప్పించుచున్నాము. వానితో పాటు, ఇంటి ముందు పాఱు కాలువ ఎవరి తీర్మానమున కట్టబడినదో, అందుకు ఎంత వెచ్చింపబడినదో చదువుకొను నలవాటును నేర్పుదము. రేపు ఆ సభలో కూర్చుండవలసిన వారిలో సగమువారు నేడు మన యిండ్లలో జడలు వేయించుకొనుచున్నారు.